ఇంకో పదిహేనేళ్లకి విలువ పెరిగే కారు ఇప్పుడే కొనిపెట్టాలంటే ఏది? బడ్జెట్ 6 లక్షలు, హైదరాబాద్

నిజాంపేట్_నవీన్

అందరికీ నమస్కారం. రోజూ ఆఫీసుకి తిరగడానికి వేరే బండి ఉంది. ఇప్పుడు వెతుకుతున్నది దాచిపెట్టుకుని, ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒక రౌండు వేసుకోవడానికి. అమ్మే రోజు వస్తే పెట్టిన డబ్బు కంటే ఎక్కువే రావాలి. కొనడానికి 6 లక్షలు, మొదటి ఏడాది పనులకి ఇంకో లక్షన్నర పక్కన పెట్టాను. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండో పార్కింగ్ కూడా ఉంది.

నేను రాసుకున్నవి: మారుతి జిప్సీ కింగ్ ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది), హోండా సిటీ 1.5 వీటెక్ (2003కి ముందు వచ్చిన పాత షేపు), ఫియట్ పాలియో 1.6, మొట్టమొదటి మారుతి 800 అంటే ఎస్ఎస్80, పాత టాటా సియెరా, వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ.

అడగదలుచుకున్నవి నాలుగు. వీటిలో ఏది నిలబడుతుంది, ఎందుకు? చూడటానికి వెళ్తే మొదట ఎక్కడ చెయ్యి పెట్టాలి? ఢిల్లీ బండ్లు చవగ్గా వస్తున్నాయంటున్నారు, తెచ్చుకోవచ్చా? ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో పాతబండికి ఏమవుతుంది?

పద్మిని_1089

నవీన్ గారూ, జాబితా బాగుంది. ఆరింటిలో ఐదు ఒకప్పుడు కాలేజీ కుర్రాళ్లు రోడ్డు మీద ఆగి చూసినవే. ధర లేవడానికి అసలు మూలం అక్కడే ఉంది.

కొత్త కారు ధర పడుతూ పడుతూ ఒకచోట అడుగుకి చేరుతుంది. కొన్నేళ్లు అక్కడే పడి ఉంటుంది. ఆ అడుగులో ఉన్నప్పుడే ఎక్కువ కార్లు పాత ఇనుముకి పోతాయి, ఎందుకంటే ఇంజిన్ పనికయ్యే ఖర్చు బండి ఖరీదుని మించుతుంది. ఆ తర్వాత మిగిలినవాటికి గిరాకీ మొదలవుతుంది. పదో తరగతిలో ఏ బండిని చూసి నోరెళ్లబెట్టామో, నలభై దాటి చేతిలో డబ్బు ఆడే రోజుల్లో దాన్నే వెతుక్కుంటాం. అంటే బండి వచ్చిన 25-30 ఏళ్లకి. యమహా ఆర్ఎక్స్ 100 బైకు సంగతి మీకు తెలిసిందే. 1985 నుంచి 1996 దాకా తయారైంది. ఒకప్పుడు వీధికి నాలుగు ఉండేవి, ఇప్పుడు మంచి కండిషన్‌లో ఉన్నదాన్ని షోరూమ్ ధరకి ఎన్నో రెట్లు పెట్టి కొంటున్నారు. అదే లెక్క వేస్తే 2000-2003 సిటీ వీటెక్ ఇప్పుడు సరిగ్గా మలుపులో ఉంది. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐకి 2040 దగ్గర పడాలి. దానికి తొందర లేదు.

రెండోది, ఎన్ని అమ్ముడుపోయాయో పక్కన పెట్టి, ఒరిజినల్‌గా ఎన్ని మిగిలాయో చూడండి. మారుతి 800 లక్షల్లో తయారైంది, 2014 జనవరిలో ఆపేశారు. కానీ 1983 డిసెంబరు 14న మొదలైన ఎస్ఎస్80 షేపు 1986 దాకానే ఉంది. తర్వాతి ఎస్‌బీ308 పూర్తిగా వేరే బాడీ. ఇంజిన్ రెండింటికీ అదే 796 సీసీ మూడు సిలిండర్లది కాబట్టి ఇంజిన్ సామాను దొరుకుతుంది. అద్దాలు, లైట్లు, తలుపులు మాత్రం దీనివి దానికి పట్టవు. అందుకే అద్దాలూ లైట్లూ చెక్కుచెదరని ఎస్ఎస్80 కనబడితే బేరం దగ్గర ఎక్కువ బిగుసుకోవద్దు.

మూడోది, 'లిమిటెడ్ ఎడిషన్' అన్న మాటకి పడిపోకండి. పక్కన స్టిక్కరు, సీటు మీద కొత్త గుడ్డ, అంతే అయితే ముప్పై ఏళ్ల తర్వాత దానికి విలువ కట్టేవాళ్లుండరు. లోపల యంత్రం వేరైతేనే లెక్క. పాలియో ఎస్10 అంటే సచిన్ సంతకంతో వచ్చిన 500 బండ్లు. వాటికి విలువ సంతకం ఒక్కదానివల్ల రాలేదు, 1.6 లీటర్ల 100 హార్స్‌పవర్ ఇంజిన్ ఉంది కాబట్టి వచ్చింది. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245ని 2020లో 200 మాత్రమే, 36 లక్షలకి అమ్మారు. 2025లో కొత్త ఆక్టేవియా ఆర్ఎస్ 100 బండ్లు బుకింగ్‌లోనే అయిపోయాయి. ఆ వరసవి నిలబడతాయి గానీ మీ బడ్జెట్‌కి చాలా పైన ఉన్నాయి.

నాలుగోది సామాను. ఈ ఊళ్లో బండి దాచేవాళ్లు చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫియట్, ఫోర్డ్, షెవర్లే ఇండియాలో కార్ల అమ్మకం ఆపేశాయి. అయినా మూడింటినీ ఒకే గాట కట్టకూడదు. ఫియట్ పుంటో 1.3 డీజిల్ ఇంజినే మారుతి స్విఫ్ట్‌లోనూ ఉండేది కాబట్టి దాని సామాను ఏ మూల షాపులోనైనా ఉంటుంది. అదే పుంటో బాడీలో 1.4 టీ-జెట్ (టర్బో పెట్రోలు) అయితే చిన్న పైపు కోసం కూడా నెలలు ఆగాలి. పాలియోలో 1.2 సంగతి వేరు, 1.6 సంగతి వేరు. కొనేముందు పది సామాన్ల జాబితా రాసుకోండి: హెడ్‌ల్యాంప్, ముందు అద్దం, బీడింగ్, లోయర్ ఆర్మ్, క్లచ్ ప్లేట్, రేడియేటర్, పెట్రోల్ పంపు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు), హెడ్ గ్యాస్కెట్, స్టీరింగ్ ర్యాక్. రాణిగంజ్‌లో, పుత్లీబౌలీలో ఒక పూట తిరిగి అడగండి. పదిలో ఏడు దొరికితే ముందుకెళ్లండి. నాలుగే దొరికితే, బండితోపాటు రెండో బండిని సామాను కోసం కొనే స్థోమత ఉంటేనే దిగండి.

నా వరస ఇది. మొదట జిప్సీ కింగ్ ఎంపీఎఫ్ఐ: ఛాసిస్ మీద బాడీ, లీఫ్ స్ప్రింగులు, 1.3 పెట్రోలు, ర్యాలీల్లో దశాబ్దాల చరిత్ర, సైన్యంలో, పోలీసుల్లో వాడకం. మళ్లీ అలాంటి బండి రాదు. 2023లో దాని వారసుడిగా మారుతి జిమ్నీ వచ్చినా జిప్సీ కోసం వెతికేవాళ్లు తగ్గలేదు. రెండోది సిటీ వీటెక్, కానీ ఒరిజినల్‌గా ఉన్నది. సియెరా నాకు చాలా ఇష్టం, 1991లో మూడు తలుపులతో, వెనక ఆ పెద్ద వంపు అద్దాలతో రావడం గొప్ప సంగతే. అయితే 2025 నవంబరులో కొత్త సియెరా వచ్చినప్పటి నుంచి పాతదాని యజమానులకి ఆశ పెరిగింది. ఆ వెనక అద్దం పగిలితే దొరకబుచ్చుకోవడం ఎంత కష్టమో ముందే ఆలోచించుకోండి.

ఇంకొక్క లెక్క. 6 లక్షలు 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే పదిహేనేళ్లకి 16.5 లక్షలు అవుతుంది. బండికి ఇన్సూరెన్సు, టైర్లు, బ్యాటరీ, చిన్న పనులు కలిపి ఏడాదికి 30 వేలు అనుకుంటే పదిహేనేళ్లకి ఇంకో నాలుగున్నర లక్షలు. అంటే 21 లక్షలకి అమ్మితే గానీ సరితూగదు. నడిపే ఆనందం కోసం కొనండి, విలువ నిలబడితే సంతోషం. కేవలం లాభం కోసమే అయితే ఈ ఆరింటిలో ఏదీ కొనవద్దని నా సలహా.

మల్లాపూర్_లాత్

పై సమాధానంతో ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. జిప్సీని మొదట పెట్టడం సరే గానీ, హైదరాబాద్‌లో కనబడే జిప్సీల్లో ఎక్కువ భాగం కోసి, ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసినవే. ముట్టుకోని జిప్సీ దొరకడం కంటే ముట్టుకోని సిటీ దొరకడమే తేలిక. అందుకని సిటీ నుంచే మొదలుపెడతాను.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. 'వచ్చేలోపు స్టార్ట్ చేసి పెడతాను' అంటే వద్దని ముందే చెప్పండి. మొదట వెనక చక్రాల పైన ఉండే ఆర్చి. ఈ షేపు సిటీకి తుప్పు అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే లోపలి రేకు, బయటి రేకు కలిసే మడతలో బురద నిలుస్తుంది. వేలు మడత వెనక్కి పోనిచ్చి, ముందు నుంచి వెనక దాకా మెల్లగా జరపండి. అంచు సన్నగా, ఒకే మందంతో తగలాలి. ఎక్కడైనా ఉబ్బెత్తుగా, రాయిలా మొద్దుగా తగిలితే అక్కడ పుట్టీ ఉన్నట్టు. గోటితో కొడితే రేకు 'టింగ్' మంటుంది, పుట్టీ 'టప్' మంటుంది. పెయింట్ మందం కొలిచే మీటరు తీసుకెళ్తే ఇంకా మంచిది. కంపెనీ పెయింట్ సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది. 250 దాటితే మళ్లీ కొట్టిన పెయింట్. 600, 1000 వస్తే కింద పుట్టీ ఉంది.

తర్వాత వరద నీళ్లు. 2020 అక్టోబరు వరదల్లో ఊళ్లో ఎన్నో సెల్లార్లు మునిగాయి. ఆ కార్లు కడిగి, సీట్లు మార్చి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. చివరి రెండడుగుల్లో బురద గీత ఉంటే మిగతాది చూడక్కర్లేదు. స్టెప్నీ కింద గుంత, డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్ల బోల్టులు, కార్పెట్ కింద రేకు, ఇవి కడిగేటప్పుడు చెయ్యి అందని చోట్లు.

ఇప్పుడు స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక నిలబడండి. రాత్రంతా ఆగిన బండి మొదటి పది సెకన్లు నీలం పొగ వదిలి ఆపేస్తే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. అది చిన్న పని. ఎక్కే రోడ్డు మీద తొక్కినప్పుడు నీలం పొగ వస్తే రింగులు, అది ఇంజిన్ దించే పని. హెడ్ పక్కన వీటెక్ సోలినాయిడ్ (వీటెక్‌ని పని చేయించే ఆయిల్ వాల్వు) ఉంటుంది. దాని గ్యాస్కెట్ గట్టిపడి ఆయిల్ కిందికి జారుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్ కూడా అంతే. రెండూ చవకైన రబ్బర్లే, వాటిని చూపించి ధర తగ్గించుకోండి గానీ భయపడకండి.

ఎండాకాలంలో చూస్తుంటే ఇంకో పరీక్ష. బండి నడిపి, మండుటెండలో ఆపి, పది నిమిషాలకి మళ్లీ కీ తిప్పండి. ఆన్ స్థానంలో వెనక పెట్రోల్ పంపు రెండు సెకన్లు సన్నగా రొద చేయాలి. సెల్ఫ్ బాగా తిరుగుతూ పంపు పలకకపోతే, డ్యాష్ కింద ఉండే మెయిన్ రిలేలో టంకం అతుకులు వేడికి చిట్లాయి. చాలాచోట్ల పంపు మార్చేస్తారు, డబ్బు పోతుంది, రోగం పోదు. రిలే విప్పి అతుకులకి మళ్లీ టంకం వేస్తే సరిపోతుంది.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్టుతోపాటు టెన్షనరు, వాటర్ పంపు, క్యామ్ సీలు ఒకేసారి. బెల్టు తెగితే వాల్వులు వంగుతాయి.

జిప్సీ చూడాల్సివస్తే కింద పడుకుని చూడండి. వెనక స్ప్రింగు హ్యాంగర్లు ఛాసిస్‌కి అతికే చోట తుప్పు, బాడీ మౌంట్ రబ్బర్లు, ముందు చక్రాల దగ్గర గుండ్రటి నకిల్. ఆ గుండు పొడిగా లేదా సన్నని గ్రీజు పొరతో ఉండాలి. ఆయిల్ కారి దుమ్ము పేరుకుంటే లోపలి సీలు పోయి గేర్ ఆయిల్ గ్రీజుతో కలిసిపోతోంది. ఫోర్‌వీల్ డ్రైవ్ పరీక్ష మట్టి రోడ్డు మీదే చేయండి. ముందు వెనకలకి మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి తారు రోడ్డు మీద 4హెచ్‌లో (ఫోర్‌వీల్ డ్రైవ్ వేసి) తిప్పితే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది.

పోలో జీటీ టీఎస్ఐ గురించి ఒక మాట. ఏడు గేర్ల డీఎస్‌జీలో (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) గేర్లు మార్చే మెకాట్రానిక్ యూనిట్ పోతే ఆ బిల్లు మీరు పక్కన పెట్టిన లక్షన్నరలో చాలా భాగం తినేస్తుంది. పైగా పదిహేనేళ్లు ఎక్కువగా నిలబెట్టే బండికి ఎలక్ట్రానిక్స్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

ఫారం_29_30

కాగితాల సంగతి నేను చెప్తాను.

ఇండియాలో వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి నియమాలు 2021 జులైలో వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల వ్యక్తిగత బండ్లకే అది వర్తిస్తుంది. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేర్లకి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. తొలి ఎస్ఎస్80లకే ఆ అర్హత 2033లో వస్తుంది. 2002 సిటీకి 2052లో. కాబట్టి మీ బండ్లన్నీ ఇంకా చాలా ఏళ్లు మామూలు ఆర్సీ మీదే బతకాలి.

మామూలు ఆర్సీ అంటే మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. కారుకి 15 నుంచి 20 ఏళ్ల వయసులో ఫీజు 5,000. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. దీనిపైన గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. గడువు దాటితే నెలకి 500 అదనం. నాలుగేళ్లు ఆర్సీ చచ్చిన బండి చవగ్గా వచ్చిందనుకుంటే, ఆ లెక్కన 24 వేలు ముందే ధరలో తగ్గించుకోవాలి.

ఢిల్లీ బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లలో బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) కంటే పాతవి తిరగకూడదన్న ఆంక్ష వల్ల యజమానులు తక్కువకి వదిలేస్తున్నారు. తేవచ్చు, కానీ ఈ వరసలో: ఆర్సీ బతికుందా, లోన్ ఉంటే ఫారం 35తో తీసేశారా, ఫారం 28 మీద ఎన్ఓసీలో (అభ్యంతరం లేదన్న పత్రం) తెలంగాణ ఆర్టీఏ పేరు సరిగా ఉందా, దొంగతనం కేసు లేదని పోలీసు రికార్డు. ఇవి చేతికి వచ్చాకే మిగతా డబ్బు. ఇక్కడికి వచ్చాక బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టి, ఫారం 27తో కొత్త టీజీ నంబరు, 29, 30తో పేరు మార్పు. ట్రక్కు కిరాయి, ట్యాక్స్, ఏజెంటు ఖర్చు కలిపితే చవక చాలావరకు ఆవిరవుతుంది.

ఇంకో నష్టం ఎవరూ లెక్క వేయరు. మొదటి నుంచీ ఇక్కడే ఉన్న 2001 సిటీకి ఏపీ 09 లాంటి నంబరు ఉంటుంది. ఖైరతాబాద్‌లో ఆ రోజుల్లో ఇచ్చిన నంబరు బండి చరిత్రలో భాగం, ఇప్పటికీ చెల్లుతుంది. ఢిల్లీ బండికి 2024 తర్వాతి టీజీ నంబరు పడుతుంది. రేపు కొనేవాడు మొదట చూసేది నంబరు ప్లేటే. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి, ఢిల్లీదీ హైదరాబాద్‌దీ పొడి గాలి. విశాఖ, చెన్నై, ముంబై బండ్ల కంటే వీటికి తుప్పు తక్కువ.

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో ఒక్కో అంకె సరిపోల్చండి. సిటీ 1.3కి వీటెక్ ఇంజిన్ వేసినవి చాలా ఉన్నాయి. ఆర్సీలో ఎక్కించకపోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది తప్పే. రెన్యువల్‌కి ఇన్‌స్పెక్టరు పెన్సిల్ ప్రింట్ తీసినప్పుడు ఆగిపోతుంది.

ఇన్సూరెన్సులో ఐడీవీ (బండికి కట్టే బీమా విలువ) జాగ్రత్త. ఐదేళ్లు దాటిన బండికి ఆ విలువ మీరూ కంపెనీ కలిసి ఒప్పుకునేదే. తక్కువ ప్రీమియం కోసం 60 వేలకి ఒప్పుకుంటే, రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే 45 వేలు దాటగానే టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. సిటీకి ఒక ఫెండరు, హెడ్‌ల్యాంపు, పెయింటు పడితే చాలు ఆ గీత దాటుతుంది. ఫొటోలు, వాల్యుయేషన్ రిపోర్టు ఇచ్చి ఐడీవీ పెంచి రాయించుకోండి.

నిజాంపేట్_నవీన్

అందరికీ చాలా కృతజ్ఞతలు. మల్కాజ్‌గిరిలో 2002 సిటీ వీటెక్ ఒకటి చూశాను. ఏపీ నంబరు, ఆర్సీ 2027 దాకా ఉంది, ఇంజిన్ నంబరు సరిపోయింది, ధర బడ్జెట్‌లోనే ఉంది. పెయింట్ మీటరు లెక్కలు: బానెట్ 115, రూఫ్ 105, నాలుగు తలుపులు 110-130, ఎడమ వెనక ఆర్చి 680, కుడి వెనక ఆర్చి 140. వేడి ఇంజిన్‌లో నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) వరసగా 12.5, 12.3, 12.4, 10.4. పొగ లేదు. డిక్కీలో కార్పెట్ కింద పూడ్చిన నాలుగు బోల్టు రంధ్రాలు కనిపించాయి. వదిలేయాలా, బేరమాడాలా?

మల్లాపూర్_లాత్

ఆ నాలుగు రంధ్రాలే అసలు సమాధానం. అక్కడ ఎల్‌పీజీ ట్యాంకు ఉండేది. ఇన్‌టేక్ పైపు మీద కూడా పూడ్చిన చిన్న రంధ్రం ఉండాలి, టార్చి వేసి చూడండి. ఆర్సీలో ఇంధనం అని ఉన్నచోట ఏం రాసి ఉందో చదవండి. ఎల్‌పీజీ అని మిగిలిపోయి ఉంటే, కిట్ తీసేసినట్టు యజమాని చేతనే ఆర్టీఏలో మార్పించాలి.

గ్యాస్ మీద ఎక్కువ తిరిగిన ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటులోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది. అప్పుడు ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్ దగ్గర వదిలే సన్నని సందు) మూసుకుపోయి వాల్వ్ పూర్తిగా మూతపడదు. పొగ ఉండదు, కంప్రెషన్ మాత్రం పడుతుంది. నాలుగో సిలిండరు మిగతావాటి కంటే 16 శాతం తక్కువ ఉంది, 10 దాటితే కారణం వెతకాల్సిందే.

ఈ వరసలో చేయించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక వాల్వ్ కవరు విప్పి ఫీలర్ గేజ్‌తో గ్యాప్ కొలవాలి. ఈ డీ సిరీస్ ఇంజిన్లకి ఇన్‌లెట్ 0.18 నుంచి 0.22, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27 మిల్లీమీటర్లు. నాలుగో ఎగ్జాస్ట్ గ్యాప్ 0.10 దగ్గరుంటే స్క్రూ సరిచేసి, బండిని వేడెక్కించి, నాలుగు ప్లగ్గులూ విప్పి, పెట్రోలు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టి మళ్లీ కొలవండి. 12 దాటితే బండి కొనవచ్చు. మారకపోతే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి కొలవండి. పెరిగితే రింగులు. ఆయిల్ పోసినా పెరగకపోతే వాల్వ్ సీటు కాలింది, హెడ్ దించి సీటు కటింగ్, ల్యాపింగ్, హెడ్ గ్యాస్కెట్, ఎలాగూ చేయాల్సిన టైమింగ్ బెల్టు ఒకేసారి అయిపోతాయి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఎడమ ఆర్చికి డిక్కీ లోపలి లైనింగ్ విప్పి వెనక నుంచి చూడండి. రేకు నలిగి సాపు చేసిన గుర్తులుంటే చిన్న గుద్దు, పర్వాలేదు. గోధుమ రంగు పొరలు ఊడుతుంటే తుప్పు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. ఏదైనా సరే, ఆ ఒక్క ఆర్చికే పెయింట్ వేయించండి. మొత్తం బండికి పెయింట్ కొట్టించవద్దు. 105, 115 అంకెలు చూపించే ఇరవై ఏళ్లు దాటిన రూఫ్, బానెట్ మళ్లీ తయారుచేయలేనివి. రంగు కాస్త వెలిసినా, చిన్న గీతలున్నా అలాగే ఉంచాలి.

తార్నాక_కార్బ్

ఈ20 గురించి ఎవరూ చెప్పలేదు, అది నేను రాస్తాను.

ఇథనాల్‌తో పాత బండికి మూడు ఇబ్బందులు. ఒకటి, పాత నైట్రైల్ రబ్బరు పైపులు ఉబ్బి, తర్వాత గట్టిపడి పగులుతాయి. ఇంజిన్ గదిలో ఉన్నవే కాకుండా ట్యాంకు మీద ఉండే పొట్టి పైపులు కూడా మార్చాలి, పెట్రోలు కారేది ఎక్కువగా అక్కడే. ఇథనాల్‌ని తట్టుకునే ఇంజెక్షన్ పైపే వేయండి, కార్బ్యురేటర్ పైపు ప్రెషర్‌కి ఆగదు. కొత్త క్లిప్పులు కూడా వేయాలి. రెండు, ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి ఆపితే నీళ్లు విడిపోయి ట్యాంకు అడుగుకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. సగం ఖాళీ ట్యాంకులో ఇది ఇంకా ఎక్కువ. ఆపేముందు ట్యాంకు నిండుగా నింపండి, పెట్రోలు మూడు నెలలకి మించి పాతబడనివ్వకండి. మూడు, అదే లీటరులో శక్తి సుమారు 7 శాతం తక్కువ, మైలేజీ ఆ మేరకు పడుతుంది. సిటీలో ఆక్సిజన్ సెన్సార్ బాగుంటే ఈసీయూ చాలావరకు సర్దుకుంటుంది. ఎస్ఎస్80లాంటి కార్బ్యురేటర్ బండి అయితే మిశ్రమం పలచబడి వేడెక్కుతుంది, మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్ రంగు చూసి నిర్ణయించుకోవాలి. గోధుమ రంగు సరైనది, తెల్లగా ఉంటే ఇంకా పలచనే. కొత్త పెట్రోలు పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది కాబట్టి మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఫిల్టరు రెండుసార్లు మార్చండి.

సెల్లార్‌లో నిలపడం గురించి. ప్లాస్టిక్ కవరు వేయకండి. వానాకాలం తేమ లోపలే ఉండిపోయి పెయింట్ కింద బొబ్బలు లేస్తాయి. నూలు కవరు మంచిది. టైర్లలో గాలి 40 దాకా పెట్టండి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకి చెక్కలు పెట్టండి, లేకపోతే బ్రేకు షూలు డ్రమ్ముకి అతుక్కుంటాయి. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. ఇంజిన్, సైలెన్సర్ పూర్తిగా వేడెక్కవు, లోపల ఏర్పడిన నీరు అక్కడే ఉండి సైలెన్సర్‌ని తినేస్తుంది. పదిహేను రోజులకోసారి 25 కిలోమీటర్లు నడపండి, మధ్యలో ఏసీ కూడా పది నిమిషాలు వేయండి, దాని సీళ్లకి ఆయిల్ అందుతుంది. బ్రేక్ ఆయిల్ కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్లకోసారి మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల లేకపోయినా ఆరేడేళ్లు దాటినవి ఓఆర్ఆర్ వేగానికి పనికిరావు.

ఎలుకల సంగతి మర్చిపోవద్దు. బానెట్ కింద ఎయిర్ ఫిల్టరు గొట్టం మూతికి సన్నటి ఇనుప జాలీ కట్టండి. బండి కొన్న రోజే ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని, విప్పిన ప్రతి ఒరిజినల్ సామానుకీ తేదీ, కిలోమీటర్లు రాసిన చీటీ కట్టి అందులో వేయండి. పాత స్టీరియో, అసలు వీల్ కవర్లు, రెండో తాళం, ఓనర్స్ మాన్యువల్ ఇవ్వమని ఆ మల్కాజ్‌గిరి ఆయన్ని డబ్బు ఇవ్వకముందే అడగండి. అటకమీద ఎక్కడో ఉంటాయి, బండి అమ్మేశాక వెతికి ఇచ్చే ఓపిక ఎవరికీ ఉండదు.